వ్రేళ్లు నేర్చిన విద్య

"మొక్కై వంగనిది మానై వంగునా?" అని మన పెద్దలు చెప్పుదురు. చిన్ననాట అలవడని విద్య పెద్దనాట అలవడదని ఆ సామెతకు భావము. బాలురను సోమరితనమునుండి తప్పించుటకు పుట్టిన మాట యిది. కాని దీనినే పట్టుకొని వయస్సు వచ్చినవారు పలువురు "ఇక నాకేమి పట్టుబడును?" అని క్రొత్తవిద్యల చెంతకు పోవుటయే మానివేయుచున్నారు. ఈ సామెత ఎంతవరకు నిజము? పరీక్షించి చూచుటకు ఒక చిన్న విద్యను తీసికొందము. అది టైపు చేయుట.

ఒక ఇంటిని ఊహింపుడు. ఆ యింటి యిల్లాలు ఒక సహకార సంఘములో లెక్కలు వ్రాయు ఉద్యోగిని. వయస్సు నలుబది రెండు సంవత్సరములు. ఇరువది యేండ్లుగా ముత్యములవంటి అక్షరములతో పద్దులు వ్రాసినది. ఇప్పుడు సంఘమువారు లెక్కలన్నింటిని కంప్యూటరులోనికి ఎక్కింప నిశ్చయించిరి. ఆరు నెలలలో నిమిషమునకు 35 మాటల వేగముతో టైపు చేయ నేర్చినవారికే ఆ పని యిత్తుమనియు, తక్కినవారిని వేరొక పనికి మార్తుమనియు చెప్పిరి. ఆమె రాత్రి వంటపని ముగించుకొని బల్లయొద్ద కూర్చుండి, కుడిచేతి చూపుడువ్రేలితో ఒక్కొక్క మీటను వెదకి వెదకి నొక్కుచున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమారుడు ప్రక్కన నిలిచి చూచి, "అమ్మా! ఇంత ఆలస్యమా? నేనైనచో ఈపాటికి పుటయంతయు ముగించియుందును" అని నవ్వెను. ఆమె బదులు పలుకక కీబోర్డును ప్రక్కకు నెట్టి లేచిపోయెను.

ఇట్టి దృశ్యమును మీలో కొందరు చూచియే యుందురు. ఆ నవ్వు న్యాయమైనదో కాదో తెలియవలెనన్నచో, టైపు చేయునప్పుడు మన కన్నులు, వ్రేళ్లు, మనస్సు ఏమి చేయుచున్నవో ముందుగా తెలిసికొనవలెను.

టైపు వేగమును నిమిషమునకు ఇన్ని మాటలని లెక్కింతురు. మాటలలో కొన్ని పొట్టివి, కొన్ని పొడవైనవి కదా! అందువలన ఐదు మార్లు మీటను నొక్కుటను ఒక మాటగా గణించుట ఆచారము. మాటకును మాటకును నడుమ విడుచు ఖాళీయు ఆ లెక్కలోనిదే. 35 మాటలనగా నిమిషమునకు 175 మార్లు, గంటకు 10,500 మార్లు మీటలను నొక్కుట. కేంద్రప్రభుత్వ కార్యాలయములలోని గుమాస్తా ఉద్యోగములకు జరుపు ఎంపిక పరీక్షలో ఇంగ్లీషు టైపునకు నిర్ణయించిన వేగము ఇదియే. అనగా ప్రతి సెకనునకు ఇంచుమించు మూడు మార్లు నొక్కవలెను. మీటను కంటితో వెదకువానికి ఒక్క అక్షరము దొరకుటకే సెకను పట్టవచ్చును. అట్టివాడు వ్రేలిని ఎంత చురుకుగా ఆడించినను లాభము లేదు. కాలమంతయు వెదకుటయందే వ్యయమగుచున్నది. కావున వేగమునకు తొలి అడ్డంకి వ్రేలు కాదు, కన్ను.

ఈ సత్యము లోకమునకు తేటపడుటకు కొంతకాలము పట్టినది. అమెరికా దేశమున క్రిస్టఫర్ షోల్స్ అనునతడు తన మిత్రులతో కలిసి 1868లో టైపు యంత్రమునకు పేటెంటు పొందెను. 1874లో రెమింగ్టన్ కర్మాగారమువారు ఆ యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. యంత్రమైతే వచ్చినది గాని, దానిపై చేతుల నెట్లుంచవలెనో చెప్పువారు లేరు. చాలమంది రెండు మూడు వ్రేళ్లతో, మీటలవంక చూచుచు టైపు చేయుచుండిరి. సిన్సినాటి నగరమున లాంగ్లీ అను ఉపాధ్యాయిని అన్ని వ్రేళ్లను ఉపయోగించు పద్ధతిని బోధించుచు 1882లో ఒక పాఠముల పుస్తకమును ప్రకటించెను. ఉంగరపు వ్రేలు, చిటికెన వ్రేలు బలములేనివి, అవి ఈ పనికి తగవని కొందరు ఆమె మాటను త్రోసిపుచ్చిరి.

అదే నగరమున 1888 జూలై 25వ తేదీన ఒక పోటీ జరిగెను. సాల్ట్ లేక్ నగరపు న్యాయస్థానమున షార్టుహాండు వ్రాయు ఫ్రాంక్ మెక్‌గరిన్ ఒక ప్రక్క, టైపు విద్యను బోధించు లూయీ ట్రాబ్ మరియొక ప్రక్క నిలిచిరి. మెక్‌గరిన్ మీటల స్థానములన్నింటిని మనస్సున నిలుపుకొని, వాటివంక చూడకయే అన్ని వ్రేళ్లతో టైపు చేయువాడు. ట్రాబ్ మీటలను చూచుచు కొన్ని వ్రేళ్లతోనే పనిచేయువాడు. ఇరువురి యంత్రములు కూడ వేరు వేరు. ముప్పావు గంటసేపు ఒకరు చదువుచుండగా విని టైపు చేయుట, మరి ముప్పావు గంటసేపు కాగితమును చూచి టైపు చేయుట అని రెండు పరీక్షలు పెట్టిరి. రెండింటను మెక్‌గరిన్ గెలిచెను. చూచి చేయు పరీక్షలో వారి నడుమ అంతరము మరింత పెరిగెను. దానికి కారణము స్పష్టము. ట్రాబ్ చూపు కాగితమునుండి మీటలకును, మీటలనుండి కాగితమునకును తిరుగుచుండగా, మెక్‌గరిన్ చూపు కాగితమును విడువలేదు. ఈ పోటీ వార్త పత్రికలలో వ్యాపించిన పిమ్మట, చూడక టైపు చేయు పద్ధతికి ఆదరము పెరిగెను.

ఆ పద్ధతి యెట్టిది? కీబోర్డునందలి నడిమి వరుస వ్రేళ్లకు ఇల్లు వంటిది. ఎడమచేతి నాలుగు వ్రేళ్లు ఏ, ఎస్, డి, ఎఫ్ అను మీటలపైనను, కుడిచేతి నాలుగు వ్రేళ్లు జె, కె, ఎల్, సెమీకోలన్ అను మీటలపైనను నిలుచును. బొటనవ్రేళ్లు ఖాళీని విడుచు పొడవైన మీటపై ఉండును. ప్రతి వ్రేలికి కొన్ని మీటలు ఒప్పగింపబడియున్నవి. వ్రేలు ఆ మీటకు పోయి, దానిని తాకి, మరల తన యింటికి చేరుకొనవలెను. ఎఫ్, జె మీటలను తడవి చూడుడు. వాటిపై చిన్నగీతవంటి ఉబ్బు చేతికి తగులును. చూడకయే వ్రేలు తన స్థానమును గుర్తించుటకు చేసిన ఏర్పాటది.

మన దేశమున గోద్రెజ్ సంస్థ 1955లో టైపు మిషన్లను తయారుచేయ నారంభించెను. పట్టణములలో వీధి వీధికి టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలసిన కాలమొకటి యుండెను. తెల్లవారకముందే చేరిన అభ్యాసకులు "ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" అను వరుసను పుటలకొలది కొట్టుచుండగా, ఆ టకటక ధ్వని వీధి చివరివరకు వినవచ్చుచుండెను. అర్థములేని ఆ అక్షరముల వరుసను అన్నిమార్లు కొట్టించుట వ్యర్థమని తోచవచ్చును. అర్థము లేకుండుటయే దాని ప్రయోజనము. మనస్సు కథలోనికి పోక, ఏ వ్రేలు ఏ మీటకు పోవుచున్నదో దానియందే నిలుచును. నేడు ఆ మిషన్ల తయారీ నిలిచిపోయినది. కాని కంప్యూటరు కీబోర్డునందు అక్షరముల వరుసయు, వ్రేళ్ల పంపకమును పూర్వమువలెనే ఉన్నవి.

ఇక పెద్దవారి కష్టమునకు వత్తము. బాలుడు క్రొత్తగా నేర్చునప్పుడు వానికి మరువవలసినది ఏమియు లేదు. పెద్దవారిలో పలువురకు రెండు వ్రేళ్లతో వెదకి కొట్టు అలవాటు అప్పటికే స్థిరపడియుండును. నిమిషమునకు ఇరువది మాటలు ఎట్లో కొట్టుచుండినవాడు పది వ్రేళ్ల పద్ధతికి మారిన మొదటి వారమున పది మాటలైనను కొట్టలేకపోవచ్చును. నేర్చుకొన్నకొలది వేగము పెరుగవలెను గాని తగ్గునా? అతనికి ఇది అవమానముగ తోచును. కార్యాలయమున పని తొందరపెట్టును. వెంటనే పాత అలవాటునకు మరలును. ఇట్లు మాటిమాటికి మరలుటచేత రెండు పద్ధతులలో ఏదియు కుదరదు. పెద్దవారు ఓడిపోవునది చాలవరకు ఈ మొదటి మెట్టునందే. వయస్సుకంటె అభిమానము ఇచ్చట ఎక్కువ అడ్డుపడును.

రెండవ కష్టము కొన్ని వారముల పిదప వచ్చును. వేగము కొంత పెరిగి, అచ్చటనే నిలిచిపోయినట్లుండును. ఎన్ని దినములు సాధన చేసినను కదలదు. ఈ నిలుకడను గూర్చి మొదట శ్రద్ధగా పరిశీలించినవారు ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం బ్రయాన్, నోబుల్ హార్టర్ అనువారు. హార్టర్ పూర్వము టెలిగ్రాఫు పని చేసినవాడు. వారు 1897, 1899 సంవత్సరములలో టెలిగ్రాఫు నేర్చువారిని గూర్చిన తమ పరిశోధనలను ప్రకటించిరి. తంతి ధ్వనులను విని వార్తను గ్రహించుటలో అభ్యాసకుడు కొంత దూరము ముందునకు పోయి, వారములకొలది ఒకేచోట నిలిచి, మరల హఠాత్తుగా ముందునకు పోవుట వారు గమనించిరి. వారు చెప్పిన కారణమిది: మొదట అభ్యాసకుడు ఒక్కొక్క అక్షరమునే గుర్తించును. అవి బాగుగ అలవడిన పిదప మాటను ఒక్క ముద్దగా గుర్తించును. తరువాత మాటల గుంపులను గుర్తించును. ఒక మెట్టునుండి వేరొక మెట్టునకు పోవు నడిమి కాలమే ఆ నిలుకడ. ఇట్టి నిలుకడ అందరికిని తప్పక కలుగునని చెప్పుటకు వీలులేదని తరువాతి పరిశోధకులు చూపిరి. అయినను చిన్న అలవాట్లు కూడి పెద్ద అలవాటుగ మారునన్న మాట నేటికిని నిలిచియున్నది. నేర్పరియైన టైపిస్టు ఒక వ్రేలు మీటను నొక్కుచుండగనే తరువాతి వ్రేలు తన మీటవైపు కదలుచుండును.

అట్లయిన దినమునకు ఎంతసేపు సాధన చేయవలెను? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము ఇంగ్లండునందలి తపాలా ఉద్యోగులనుండి లభించినది. ఉత్తరములను యంత్రముల సాయముతో వేరుచేయు పద్ధతి వచ్చినప్పుడు, చిరునామాలోని సంకేతములను టైపు చేయుట ఆ పెద్దవారికి నేర్పవలసివచ్చెను. అలన్ బాడెలీ, లాంగ్‌మన్ అను శాస్త్రజ్ఞులు వారిని నాలుగు గుంపులుగా చేసిరి. ఒక గుంపువారు దినమునకు ఒక గంట మాత్రమే అభ్యసించిరి. రెండు గుంపులవారు రెండేసి గంటలు అభ్యసించిరి. నాలుగవ గుంపువారు నాలుగు గంటలు అభ్యసించిరి. ఈ పరిశోధన 1978లో ప్రకటితమయ్యెను. మీటల స్థానములు తెలిసికొనుటకు దినమునకొక గంట సాధన చేసినవారికి మొత్తము ఇంచుమించు 35 గంటలు పట్టినది. నాలుగు గంటలు చేసినవారికి ఇంచుమించు 50 గంటలు పట్టినది. అనగా ఒక గంటవారి ప్రతి గంటయు ఎక్కువ ఫలించెను.

ఇందు మరియొక వింత కలదు. దినములను లెక్కించినచో ఒక గంటవారికి ఎక్కువ దినములు పట్టగా, నాలుగు గంటలవారు తక్కువ దినములలోనే మీటలను నేర్చిరి. అందుచేత ఒక గంటవారు తాము వెనుకబడియున్నామని తలపోసి తమ శిక్షణపట్ల అసంతృప్తి చెందిరి. నాలుగు గంటలవారు తృప్తితో ఉండిరి. చూచితిరా! మిక్కిలి బాగుగ నేర్చుచున్నవారికే తాము నేర్చుటలేదని తోచెను. నేర్చుకొనునప్పుడు మన మనస్సు మనకు చెప్పు సాక్ష్యము ఎల్లప్పుడును నమ్మదగినది కాదు.

సాధన ఎంతసేపు చేయవలెనో అను దానికంటె, ఎట్లు చేయవలెనో తెలియుట ముఖ్యము. మొదట తప్పులేకుండ కొట్టుట అలవరచుకొనవలెను. తొందరపడి కొట్టిన తప్పును దిద్దుటకు మూడు నాలుగు మార్లు మీటలను నొక్కవలసివచ్చును. అంతేకాదు, వ్రేలు ఒప్పునెట్లు నేర్చునో తప్పును కూడ అట్లే నేర్చును. నిదానమే ప్రధానమన్న మాట ఇచ్చట అక్షరాల నిజము. అయితే ఎల్లకాలము నిదానముగనే కొట్టినను వేగము రాదు. కొంత స్థిరపడిన పిదప దినమునకు కొన్ని నిమిషములు మాత్రము తనకు సుఖమైన వేగముకంటె కొంచెము ఎక్కువ వేగముతో కొట్టి చూడవలెను. అప్పుడు ఏ అక్షరములయొద్ద వ్రేళ్లు తడబడుచున్నవో బయటపడును. వాటిని ఒక కాగితముపై వ్రాసికొని, మరునాడు ఆ అక్షరములు గల మాటలనే నెమ్మదిగా అభ్యసింపవలెను. వచ్చిన పాఠమునే మరల మరల కొట్టుట సుఖముగ నుండును గాని, దానివలన లాభము స్వల్పము.

ఇట్లు అభ్యసించిన విద్య ఎచ్చట నిలుచును? అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రకటించిన ఒక పరీక్ష దీనిని తెలుపును. సగటున నిమిషమునకు 72 మాటలు కొట్టువారికి అక్షరములు లేని కీబోర్డు బొమ్మను ఇచ్చి, ఏ అక్షరము ఎచ్చటనున్నదో వ్రాయుమనిరి. ఇరువది యారు అక్షరములలో సగటున 15 మాత్రమే వారు సరిగా వ్రాయగలిగిరి. వారి వ్రేళ్లకు తెలిసినది వారి నోటికి తెలియలేదు! ఈత, సైకిలు త్రొక్కుట, వీణ వాయించుట కూడ ఇట్టివే. మనస్సు మొదట బోధించును. పిదప ఆ పనిని చేతికి ఒప్పగించి తాను విషయముపై నిలుచును.

అయిన ముదిమి మీదపడినకొలది వ్రేళ్లు మందగింపవా? తిమొతీ సాల్ట్‌హౌస్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1984లో దీనిని పరిశోధించెను. పందొమ్మిదేండ్లవారు మొదలు డెబ్బది రెండేండ్లవారివరకు గల టైపిస్టులను పరీక్షించెను. దీపము వెలుగగనే మీటను నొక్కుటవంటి చిన్నపనులలో పెద్దవారు వెనుకబడిరి. కాని టైపు చేయుటలో వారి వేగము తగ్గలేదు. కారణమేమన, వారు కొట్టుచున్న అక్షరముకంటె మరింత ముందున్న అక్షరములను చూచుచు వ్రేళ్లను ముందుగనే సిద్ధపరచుచుండిరి. దేహము కోల్పోయినదానిని అనుభవము పూరించెను. వారు అప్పటికే నేర్పరులన్నది నిజమే. అయినను వయస్సు రాగానే ఈ విద్యకు ద్వారము మూతపడదని దీనివలన తెలియుచున్నది.

పది వ్రేళ్లును తప్పక వాడవలెనని పట్టుపట్టుటయు అనవసరము. ఫిన్లండు పరిశోధకులు 2016లో, తమంతట తాము ఆరేడు వ్రేళ్లతో నేర్చినవారు కొందరు శిక్షణ పొందినవారితో సమానమైన వేగమును అందుకొనుట చూపిరి. వేగవంతుల కందరికిని సమానమైన గుణములు వేరు. ఒకే మీటను ఎల్లప్పుడును ఒకే వ్రేలితో నొక్కుట, చేతులను అనవసరముగ కదల్పకుండుట, తరువాతి వ్రేలిని ముందుగ సిద్ధముచేయుట అనునవియే అవి. క్రొత్తగా మొదలిడువారికి ఈ గుణములు సులభముగ అలవడు మార్గము గనుకనే పది వ్రేళ్ల పద్ధతిని బోధింతురు.

మన తెలుగునకు కూడ ఈ విద్య వర్తించును. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, హల్లులలో హెచ్చుభాగము కుడిచేతికిని వచ్చునట్లు ఏర్పరచిరి. 'క్ర' అను అక్షరమును కొట్టుటకు కుడిచేతితో 'క', ఎడమచేతితో పొల్లు, మరల కుడిచేతితో 'ర' నొక్కవలెను. ఈ మూడు మీటలును నడిమి వరుసలోనివే. చేతులు ఒకదాని తరువాత నొకటి కదలుటచేత మద్దెల వాయించినట్లు పని సాగిపోవును. తెలుగున దీనిని నేర్చినవారికి కన్నడము, హిందీ మొదలగు భాషల టైపును సులభమగును. ఒకే ధ్వనికి ఆ భాషలన్నింటను ఒకే మీట కలదు.

మరల ఆ యింటికి పోవుదము. ఆ తల్లికి ఆరు నెలల గడువున్నది. దినమునకొక గంటవంతున లెక్కించిన 180 గంటలు. తపాలా ఉద్యోగులకు మీటలను తెలిసికొనుటకు 35 గంటలు చాలినవి. మిగిలిన కాలమంతయు వేగమునకు వినియోగింపవచ్చును. కాలము చాలదన్న భయమునకు తావులేదు. కీబోర్డును నెట్టి లేచిపోవుట ఒక్కటియే భయపడవలసిన విషయము. ఆ రాత్రి ఆమెను లేపినది మీటలు కావు, కుమారుని నవ్వు.

ఆ బాలుడు ఈ సంగతులన్నియు ఎరిగినచో ఏమి చేసియుండును? చేతిరుమాలును ఆమె చేతులపై కప్పి, పద్దుల పుస్తకము తీసికొని ప్రక్కన కూర్చుండును. "అమ్మా! నేను చదివెదను. నీవు క్రిందికి చూడక కొట్టుము. తప్పు వచ్చినను నేను నవ్వను" అనును. "మెల్లగా చదువుము నాయనా" అని ఆమె తిరిగి కూర్చుండును.

పెద్దలు మనకు నడకను, పలుకును, అక్షరములను నేర్పినప్పుడు మన తప్పటడుగులను చూచి లేవనెత్తిరేగాని, నేర్వవద్దనలేదు. వారు ఒక క్రొత్తవిద్యను మొదలిడినప్పుడు ఆ ఓర్పునే మనము వారికి తిరిగి యిచ్చుట ఉచితము. మాను వంగదన్న మాట పూర్తిగా నిజము కాదు. దానిని ఒక్కనాడు బలముగ వంచబోయిన విరుగును. దినదినము కొంచెముగ వంచిన వంగును.